వదులు జడ, ఒత్తు కొప్పు

అక్క నిశ్చితార్థానికి పార్లర్‌లో జడలల్లి కొప్పు చుట్టించుకున్నా. సూపర్‌గా ఉంది. కానీ రెండు గంటల్లోనే తలనొప్పి! రాత్రి పిన్నులు తీస్తూ అమ్మ, నా నుదుటి దగ్గర పల్చబడ్డ జుట్టు చూసింది. ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధేసింది.

తప్పు ఆ ఒక్కరోజుది కాదు. ఆఫీసుకి రోజూ బిగించి కట్టే పోనీటెయిల్‌ది. కుదుళ్లు అలా లాగుతూనే ఉంటే జుట్టు ఊడిపోతుంది. దీన్నే ట్రాక్షన్ అలోపేసియా అంటారు. మొదట్లోనే వదులు చేస్తే మళ్లీ వస్తుంది, ఏళ్లు గడిస్తే కష్టం.

అందుకే పెళ్లికి నేనే వేసుకున్నా. తలస్నానం ముందురోజే చేశా, అప్పుడే కడిగిన జుట్టు పిన్నుకి ఆగదు. మెడ దగ్గర వదులుగా మూడు పాయల జడ అల్లి, పాయల అంచుల్ని కొద్దికొద్దిగా బయటికి లాగా. పల్చటి జడ కూడా ఒత్తుగా కనిపిస్తుంది. గుండ్రంగా చుట్టి, చివర లోపలికి దోపి, పిన్నులు ఇంటూ గుర్తులా పెట్టా. పిన్ను వంకీల వైపు తలకి ఆనాలి, గుర్తుంచుకోండి. కనుబొమలు పైకెత్తితే కుదుళ్లు లాగుతున్నాయా? ఇంకా వదులు చేయండి.

చుట్టూ మల్లెలు పెడుతూ అమ్మ అడిగింది, "సవరం పెట్టావా?"

"లేదమ్మా, అంతా నాదే!"