పేరులేని ముఖములు

అదియమాన్‌కోట్టై పేరు వినగానే తమిళదేశమున పిన్నలకును పెద్దలకును స్ఫురించునది ఉసిరికాయ కథ. తగడూరు నేలిన అదియమాన్ నెడుమాన్ అంజి తనకు లభించిన దుర్లభమైన ఉసిరికాయను తాను తినక అవ్వైయార్ చేతిలో నుంచెనట. తిన్నవారికి దీర్ఘాయువు నిచ్చు ఫలమది. ఆమెను గూర్చిన మరియొక కథ పురనానూరులో గలదు. అవ్వైయార్ రాయబారిగా తొండైమానుని కడకేగగా నతడు తన ఆయుధాగారమును చూపెను. నేయి పూసి, నెమలియీకలు చుట్టి, మాలలు వైచిన శస్త్రములు తళతళలాడుచుండెను. అవ్వ వానిని మెచ్చుకొనుచునే, తమ రాజుగారి యాయుధములు మాత్రము మొన విరిగి కమ్మరి కొలిమిలో పడియున్నవని పలికెను. ఆ మెప్పులోని చురుక తొండైమానునికి తగిలియే యుండును.

ఫ్యాషను పత్రికలను తిరుగవేయునపుడెల్ల మాకు ఆ యాయుధాగారమే గుర్తునకు వచ్చుచున్నది. మన యిండ్లలోని యాడుపిల్లలు ధర్మపురికో సేలమునకో బెంగుళూరునకో పోయినపుడు వానిని కొని తెచ్చుకొనుచున్నారు. కొనని వారు అవే బొమ్మలను సెల్‌ఫోనులో చూచుచున్నారు. ఇంతమాత్రముననే కొందరు పెద్దలు కాలము చెడినదని నిట్టూర్చెదరు. మమ్ము వారి పంక్తిలో కూర్చుండబెట్టవలదు. పిల్ల యేమి కట్టుకొనవలయునో శాసించుటకు మేము పూనుకొనలేదు. చెన్రాయ పెరుమాళ్ కోవెల లోకప్పుపై రామాయణ భారత కథలను వర్ణచిత్రములుగా నిలుపుకొన్న యూరివారము మేము. బొమ్మలతో మాకు వైరమేమి? మా తగవు ఆ పత్రికల సంపాదకులతోడనే.

ఒక్క యుదాహరణము చెప్పెదము. అమెరికాలో 1892లో పుట్టిన వోగ్ పత్రిక యొక్క భారతీయ సంచిక 2007 అక్టోబరులో ప్రారంభమయ్యెను. ఏడాది నిండకమునుపే, 2008 ఆగస్టు సంచికలో, పేదవారిని నిలువబెట్టి తీసిన ఛాయాచిత్రములు పుటలకొలది వెలువడెను. పలువరుస యూడిన ముసలమ్మ యొకతె బిడ్డ నెత్తుకొని యున్నది. బిడ్డ మెడక్రింద ఫెండీవారి చొంగగుడ్డ, వెల సుమారు 100 డాలర్లు. కాళ్లకు చెప్పులు లేనివాని చేతిలో బర్‌బెరీవారి గొడుగు, సుమారు 200 డాలర్లు. మోటారుసైకిలుపై ఇరుకుకొని కూర్చున్న సంసారములో ఇల్లాలి చేతికి హెర్మేస్‌వారి బిర్కిన్ సంచి. అట్టి సంచి వెల 10,000 డాలర్లకు పైమాట. వస్తువుల తయారీదారుల పేర్లు వరుసగా అచ్చుపడెను. మనుష్యుల పేర్లు లేవు. వారు ఒక స్త్రీ, ఒక పురుషుడు, అంతే.

వార్తాపత్రికలలో విమర్శ చెలరేగగా, నాటి సంపాదకురాలు ప్రియా తన్నా ఇచ్చిన సమాధానపు సారాంశమిది: ఫ్యాషను ధనికుల సొత్తు కాదు, ఎవ్వరైనను ధరింపవచ్చును, దీనిని అంత గంభీరముగా తీసికొనరాదు. సరియే, నవ్వులాటయే యనుకొందము. మరి నవ్వులాటలో సంచి పుట్టినిల్లు తప్పులేకుండ అచ్చొత్తించి, దానిని పట్టుకొన్న యిల్లాలి పేరు నడుగుటకు మాత్రము తీరిక లేకపోవుటయేమి? ఎవ్వరైనను ధరింపవచ్చునను మాట నిజమైనచో, ధరించినదెవ్వరో చెప్పవలసినదే గదా! ఆమె అక్కడ ధరించినది కాదు. గోడకు కొట్టిన మేకువలె సంచిని మోసినది. ఆ సంచిక పాతబడినను ఆ చూపు పాతబడలేదు.

ఆ చూపు మనవారిని విడువలేదు. ధర్మపురిలో పట్టుగూళ్ల అంగడి గలదు. పట్టుపురుగు దాదాపు 25 దినములు మల్బరీ ఆకు మేసి, నాలుగు పర్యాయములు కుబుసము విడిచి, గూడు కట్టును. ఆ దినములలో ఆ యింటివారికి రాత్రి నిదుర కరవు. ఒక గూటినుండి దాదాపు ఒక కిలోమీటరు దారము వచ్చును. కిలో దారమునకు దాదాపు ఆరేడు కిలోల గూళ్లు కావలయును. తరువాత అద్దకము, పడుగు, పేక. మనవారిలో దేవాంగులును పద్మశాలీలును తరతరములుగా మగ్గమును నమ్ముకొన్నవారు. ఆ చీరతో పత్రికలో బొమ్మ పడినపుడు క్రింద చిన్న యక్షరములలో ఛాయాగ్రాహకుని పేరుండును. జుట్టు దువ్వినవారి పేరుండును. నగల దుకాణము పేరుండును. నేతగాని యూరి పేరు చెప్పుట యెపుడో యొకప్పుడు కలదు. అతని పేరు చెప్పుట యరుదు. తొండైమానుని మాలలు కానవచ్చును, కమ్మరి మాత్రము కానరాడు.

ఇక రంగు మాట. ఫెయిర్ అండ్ లవ్లీ యను లేపనము 1975లో అంగడికి వచ్చెను. నల్లనివారిని తక్కువవారిగా ప్రకటనలలో చూపరాదని భారత ప్రకటన ప్రమాణముల మండలి 2014లో నియమము చేసెను. 2020లో ఆ లేపనము పేరు గ్లో అండ్ లవ్లీగా మారెను. పేరు మారెను గాని మన పెండ్లిచూపుల ఛాయాచిత్రములు మారలేదు. స్టూడియోలో పిల్ల ముఖమును రెండు వన్నెలు తెలుపు చేసి పంపుచున్నాము. ఆ పిల్ల తన ముఖమే తనకు తప్పుగా తోచి దిగులుపడుచున్నది. ఫ్రాన్సు దేశమున, మోడలు దేహాకృతిని సవరించిన వాణిజ్య ఛాయాచిత్రమునకు ఆ సంగతి తెలుపు మాట జతపరుపవలెనని 2017 అక్టోబరు 1 నుండి నిబంధన గలదు. అట్టి నిబంధన మన పెండ్లి ఛాయాచిత్రములకు వచ్చినచో ఎన్ని సంబంధములు నిలుచునో! చక్కని పిల్లను బాపుబొమ్మ యని పిలుచు జాతి మనది. బాపు బొమ్మలోని యందము గీతలో నున్నది. దానికి తెల్లరంగు పూయవలసిన యక్కర యెన్నడును కలుగలేదు.

పూర్వము మన స్త్రీల పత్రికలు నిర్దోషములని మేమనము. 1883 నాటి వీరేశలింగముగారి సతీహితబోధిని మొదలు, 1928లో మదరాసున కేసరిగారు స్థాపించిన గృహలక్ష్మి వరకు, ఉపదేశములకు కొదువ లేదు. కాని వానిలో స్త్రీ పేరు గలిగి మాటలాడెను. భండారు అచ్చమాంబగారి ధనత్రయోదశి కథ 1902లో హిందూసుందరిలో వెలువడెను. పండుగనాటి ఆశలకు లోబడి తప్పుదారి పట్టిన భర్తను పేద యిల్లాలు సరిదిద్దు కథయది. పేదరాలు అందు బొమ్మగా నిలువబడలేదు. నోరు విప్పి నీతి చెప్పినది.

ఇంతవరకు పరులను దూషించితిమి. ఇప్పుడు అద్దమును మనవైపు త్రిప్పుకొందము. ఏ సంఘము సంచికనైనను తెరచి చూడుడు. కార్యవర్గమువారి ఛాయాచిత్రము క్రింద ఎడమనుండి కుడికి పేర్లు, బిరుదులు, పదవులు. మరుపుటలో వంటలు చేసి, ముగ్గులు వేసి, పిల్లలకు పద్యములు నేర్పిన స్త్రీల గుంపు. క్రింద ‘మహిళా సభ్యులు’ అను రెండే మాటలు. సంపాదకులమైన మనము బొంబాయి సంపాదకులకంటె ఎందులో మెరుగు? వారు పేదవారి పేరు మరచిరి, మనము తల్లుల పేరు మరచితిమి.

కావున మా మనవి యిది. రాబోవు సంచికనుండి ప్రతి ఛాయాచిత్రము క్రిందను ప్రతివారి సొంత పేరు తెలుగు లిపిలో ఉండవలయును. చీర బొమ్మ వేసినచో నేసినవాని పేరు వేయుదము. ముఖముల రంగు ముట్టరాదు. ముఖపత్రముపై మన యూళ్లలోని మిక్కిలి వృద్ధురాలగు తెలుగు అవ్వ ముఖమును ముడుతలతోనే అచ్చొత్తింతము. పత్రికలు ముసలితనమును దాచు లేపనముల నమ్ముచున్నవి. ఈ కోటయేలిక యొక యవ్వ యింకను చిరకాలము బ్రతుకవలెనని తన ఫలమునే యిచ్చివేసెను. మనము ఎవరి నేలపై నున్నామో మరువరాదు. తెలుగు చదువరాని మనుమరాలు ఆ బొమ్మ క్రింది యక్షరములను చూపి, ఇందేమి వ్రాసియున్నదని అడుగును. అది నీ అవ్వ పేరని చెప్పి, ఆ యక్షరములను ఆమెచేత దిద్దించుట మన పని.