స్కాన్ బాగానే ఉంది, మరి తలనొప్పి?

2019 ఆగస్టు, లార్డ్స్ మైదానం. జోఫ్రా ఆర్చర్ వేసిన బౌన్సర్ స్టీవ్ స్మిత్‌కు చెవి కింద మెడ మీద తగిలింది. నేలకూలిన స్మిత్ లేచాడు, పరీక్షలన్నీ నెగ్గాడు, గంట తిరక్కుండానే మళ్లీ బ్యాట్ పట్టి 92 పరుగులకు ఔటయ్యాడు. అసలు సంగతి మర్నాడు ఉదయం తెలిసింది. నిద్ర లేచేసరికి తలనొప్పి, మగత. అతని స్థానంలో వచ్చిన మార్నస్ లబుషేన్ టెస్టు చరిత్రలో తొలి కంకషన్ సబ్‌స్టిట్యూట్ అయ్యాడు. స్మిత్ తర్వాతి టెస్టు కూడా ఆడలేదు.

మరుసటి ఏడాది డిసెంబరులో కాన్‌బెర్రాలో రవీంద్ర జడేజా వంతు. ఇన్నింగ్స్ చివరి ఓవర్లో స్టార్క్ బంతి హెల్మెట్‌ను తాకినా ఆ ఓవరు ఆడేశాడు. డ్రెస్సింగ్ రూముకు వెళ్లాక కళ్లు తిరుగుతున్నాయన్నాడు. బదులుగా దిగిన చాహల్ మూడు వికెట్లు తీసి మ్యాచ్ గెలిపించడంతో ఆస్ట్రేలియన్లు భగ్గుమన్నారు. దెబ్బ తగిలాక కూడా బ్యాటింగ్ చేసినవాడికి కంకషన్ ఏమిటన్నది వాళ్ల అనుమానం.

మన ఇళ్లలోనూ అదే అనుమానం. కుర్రాడి తలకు క్రికెట్ బంతి తగిలింది. స్పృహ తప్పలేదు, వాంతి కాలేదు. సీటీ స్కాన్‌లో ఏమీ లేదన్నారు. పది రోజులు దాటినా పుస్తకం తెరిస్తే తలనొప్పి, వెలుతురు చూస్తే చిరాకు. 'అంతా నార్మల్ అన్నారుగా, చదవకుండా ఉండటానికి సాకులు' అని తండ్రి, 'ఆదివారం మ్యాచ్ ఉంది' అని కోచ్.

స్కాన్ అబద్ధం చెప్పలేదు. మనమే దాన్ని అడగకూడని ప్రశ్న అడిగాం. మెదడులో రక్తస్రావం ఉందా, పుర్రె చిట్లిందా అన్నది సీటీ చెబుతుంది. కంకషన్‌లో దెబ్బ తినేది ప్రధానంగా మెదడు పనితీరు. కుదుపుకు నాడీకణాల రసాయన సమతుల్యత తప్పుతుంది. దాన్ని సరిచేసుకోవడానికి కణాలకు ఎక్కువ శక్తి కావాలి. సరిగ్గా అప్పుడే రక్త సరఫరా తగ్గొచ్చు. ఇంటికి ఫోటో తీస్తే గోడల బీటలు కనిపిస్తాయి, కరెంటు హెచ్చుతగ్గులు కనిపించవు. స్పృహ తప్పితేనే కంకషన్ అన్నదీ అపోహే. చాలామందికి తప్పదు. హెల్మెట్ పుర్రెను కాపాడుతుంది కానీ లోపలి కుదుపును పూర్తిగా ఆపలేదు.

పెద్దల్లో ఎక్కువమంది రెండు వారాల్లో, పిల్లలు నెల రోజుల్లో కోలుకుంటారు. మూడు నెలలు దాటినా తగ్గని తలనొప్పిని వైద్యులు దీర్ఘకాలికంగా లెక్కిస్తారు. అంతకుముందే మైగ్రేన్ ఉన్నవారికి, గతంలో కంకషన్ అయినవారికి, ఆందోళన, కుంగుబాటుతో బాధపడేవారికి నొప్పి సాగే అవకాశం ఎక్కువ. ఆ నొప్పంతా మెదడుదే కానక్కర్లేదు. తలతో పాటు మెడ కూడా కుదుపుకు గురవుతుంది. తల వెనక నుంచి పాకే నొప్పికి మూలం మెడలో ఉంటే ఫిజియోథెరపీతో తగ్గుతుంది. ఇంకో మూలం మందుల డబ్బా. మామూలు నొప్పి మాత్రలైనా నెలకు 15 రోజులు, అంతకు మించి నెలల తరబడి మింగితే ఆ మాత్రలే తలనొప్పి తెప్పిస్తాయి.

చీకటి గదిలో పడుకోబెట్టాలన్న పాత సలహాకు కాలం చెల్లింది. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమైన నిపుణుల మాట ఇది: మొదటి ఒకటి రెండు రోజులు పని తగ్గించాలి, టీవీ, ఫోన్ పరిమితం చేయాలి. ఆ తర్వాత నడక వంటి తేలిక వ్యాయామం మొదలుపెట్టాలి. నొప్పి కాస్త పెరిగి గంటలోపు తగ్గితే ఫర్వాలేదు, బాగా పెరిగితే ఆ రోజుకు ఆపేయాలి. ముందు పూర్తిగా బడికి, ఆ తర్వాతే పూర్తిస్థాయి ఆటకు. ఆటలోకి ఆరు మెట్లలో, మెట్టుకు కనీసం ఒక రోజు చొప్పున వెళ్లాలి. మళ్లీ దెబ్బ తగిలే అవకాశమున్న చివరి మెట్లు నొప్పి పూర్తిగా పోయి, వైద్యుడు సరేనన్నాకే ఎక్కాలి. కోలుకోకముందే తగిలే రెండో దెబ్బ మొదటిదానికంటే ప్రమాదకరం.

అయితే వేచి చూడకూడని సందర్భాలున్నాయి. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో హెల్మెట్ లేకుండా షార్ట్‌లెగ్‌లో నిలబడిన భారత మాజీ ఓపెనర్ రమణ్ లాంబా తలకు బంతి తగిలింది. తన కాళ్ల మీదే మైదానం దాటాడు. తర్వాత కోమాలోకి వెళ్లి, మూడు రోజులకు కన్నుమూశాడు. కాబట్టి దెబ్బ తగిలాక పదేపదే వాంతులు, క్షణక్షణానికి పెరిగే నొప్పి, లేపినా లేవని మత్తు, మాట తడబాటు, కాలూ చేయీ పట్టు తప్పడం, ఫిట్స్, ముక్కు లేదా చెవి నుంచి నీరులాంటి ద్రవం - ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

కంకషన్ అయిన ఆటగాడు కనీసం ఏడు రోజులు ఆడకూడదని 2025లో ఐసీసీ నిబంధన తెచ్చింది. అంతర్జాతీయ జట్టుకు డాక్టరుంటాడు, బదులు ఆటగాడుంటాడు. కాలనీ జట్టులో ఆడే పద్నాలుగేళ్ల కుర్రాడికి ఉన్నది అమ్మానాన్నలు, కోచ్ మాత్రమే. తల నొప్పిగా ఉందని వాడు చెబితే ముందు నమ్మండి. ఆదివారం మ్యాచ్‌కు వేరొకరిని పంపండి.