నోటిలో తిత్తిని సూదితో పొడవరాదు

నోటిలో నొప్పిలేని బుడిపె కనిపించిన వెంటనే సూదితో పొడుచుటయో, సున్నము రాయుటయో మన ఇండ్లలో పరిపాటి. నొప్పి లేదు గనుక ప్రమాదము లేదనుట, చిట్లి నీరు కారినది గనుక నయమైనదనుట రెండును సరికావని నా దృఢాభిప్రాయము.

సుశ్రుతాచార్యులు ముఖరోగములు 65 అని లెక్కించి, నాలుకను పైకెత్తుచు దాని క్రింద నాలుక కొనవలె పుట్టు వాపును ఉపజిహ్విక అన్నారు. నేటి వైద్యులు రాన్యులా అను తిత్తి దీనిని పోలినదే. లాటిను భాషలో ఆ మాటకు చిన్న కప్ప అని అర్థము. ఉపజిహ్వికకు సుశ్రుతులు చెప్పిన చికిత్స గీకుట, క్షారము పూయుట. అవి శస్త్రమెరిగిన వైద్యుడు చేయవలసినవే గాని వంటింటి సున్నముతో చేయదగినవి కావు.

కంటితో చూచి, వ్రేలితో తాకి వ్యాధిని గుర్తించుట గురుకులములో నేర్చినవాడను. ఆ విద్యపై నా గౌరవము తగ్గలేదు. కాని పైకి ఒకే తీరుగా నున్న తిత్తులు లోపల వేరు. రాన్యులా నీలిఛాయతో మెత్తగా ఉండును. గ్రంథి నుండి కారిన లాలాజలము కణజాలములో నిలిచి ఏర్పడును గనుక సాధారణముగా దానికి సొంత లోపొర ఉండదు. పొడిచి నీరు తీసినను మరల నిండుటకు కారణమిదే. అరుదైన డెర్మాయిడ్ తిత్తి నాలుక క్రింద నడుమ భాగమున పిండిముద్దవలె తగులును. సూక్ష్మదర్శినిలో దాని గోడ చర్మమును పోలి, తైలగ్రంథులతో, వెంట్రుక కుదుళ్ళతో కనిపించును. అవి లేక చర్మపు పొర మాత్రమే ఉన్నచో ఎపిడెర్మాయిడ్ తిత్తి అందురు.

ఇవన్నియు హానిలేనివే. అయితే లాలాజల గ్రంథుల క్యాన్సరులలో కొన్ని కూడ తొలుత ఇట్టి నొప్పిలేని నీలి బుడిపెగానే కనిపించును. కనుక హానిలేనిదను మాట పరీక్ష తరువాత అనవలసినదే గాని ముందు కాదు.

తిత్తి తీసిన పిదప మరల పరీక్ష ఖర్చెందుకని కొందరు అడుగుదురు. ఆ ముక్కను పారవేయనీయక పాథాలజీ పరీక్షకు పంపుమని మీరే కోరవలెను. రెండు వారములు దాటినను తగ్గని బుడిపె, పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ ఉన్నచో, ముఖ్యముగా పొగాకు, గుట్కా అలవాటున్నవారు ఆలస్యము చేయరాదు. మా దోమకొండ వారైనచో కామారెడ్డి ఆసుపత్రికి, అవసరమైనచో హైదరాబాదు ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు వెళ్ళవచ్చును.

త్రిఫలా కషాయముతో పుక్కిలించుట నోటి శుభ్రతకు మేలే. తిత్తిని మాత్రము అది కరిగించదు. సూక్ష్మదర్శిని మన శాస్త్రమునకు శత్రువు కాదు. వైద్యుని కంటికి అందని దానిని చూపు మరియొక కన్ను.