కేకులోకి కొబ్బరినూనె!

చలికాలం పొద్దున తలకు రాసుకుందామని తీస్తే, సీసాలో కొబ్బరినూనె తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. కాసేపు ఎండలో పెడితే తప్ప చుక్క జారదు. అదే నూనె మే నెలలో నీళ్లలా ఒలికిపోతుంది. ప్రతి ఇంట్లో తెలిసిన ఈ సంగతిలోనే ఒక బేకింగ్ పాఠం దాగుంది. చల్లదనానికి పేరుకునే ఆ గుణం వల్లే కేకులు, బిస్కెట్లలో వెన్న చేసే పనిని కొబ్బరినూనె చాలావరకు చేయగలుగుతుంది.

వెన్న ఉండగా ఇదెందుకు అంటారా? పాలు పడని బిడ్డ ఉన్న ఇంట్లో అడిగితే తెలుస్తుంది. పాలలోని ప్రొటీన్‌కి ఎలర్జీ ఉన్న పిల్లలకు చిన్న కేకు ముక్కతోనూ ఒళ్లంతా దద్దుర్లు రావచ్చు. కొందరికి ఊపిరి అందని ప్రమాదమూ ఉంది. అందుకే తన పుట్టినరోజున కూడా, తాను కోసిన కేకును మిగతావాళ్లు తింటుంటే ఆ బిడ్డ చూస్తూ నిలబడాల్సి వస్తుంది. పోనీ నెయ్యి వేస్తే? నెయ్యిలోనూ పాల ప్రొటీన్ కాస్త మిగిలే ఉంటుంది. కాబట్టి అదీ పనికిరాదు. కొబ్బరినూనెలో ఆ బెడద లేదు.

కొలత మార్చాలి

వెన్న తీసినంత కొబ్బరినూనె పోస్తే బిస్కెట్లు జిడ్డోడుతాయి. ఎందుకంటే వెన్నలో కొవ్వు 80 శాతమే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీరు. కొబ్బరినూనె మాత్రం మొత్తం కొవ్వే. అందుకని 100 గ్రాముల వెన్నకు బదులు 80 గ్రాముల నూనె, నాలుగు చెంచాల నీళ్లు లేదా కొబ్బరిపాలు సరిపోతాయి. బజారులో దొరికే బటర్‌లో సాధారణంగా ఉప్పు ఉంటుంది. నూనె వాడినప్పుడు చిటికెడు ఉప్పు విడిగా వేసుకోవాలి.

ఎండాకాలం తిప్పలు

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. వెన్న కరగాలంటే 30 దాటాలి. వెన్న, పంచదార కలిపి గిలకొట్టినప్పుడు గాలి చేరి కేకు గుల్లగా వస్తుంది. కరిగిన నూనెలో ఆ గాలి నిలవదు. కాబట్టి నూనె గిన్నెను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, పేరుకున్న నెయ్యిలా మెత్తగా ఉండగానే తీయాలి. మరిచిపోతే రాయిలా బిగుస్తుంది. బేకింగ్ పౌడర్‌తో పొంగే కేకులైతే కరిగిన నూనే పోయొచ్చు. కానీ అందులో కలిపే కొబ్బరిపాలు, గుడ్లు చల్లగా ఉండకూడదు. ఉంటే నూనె అక్కడక్కడా గడ్డలు కడుతుంది.

ఏ సీసా కొనాలి?

పచ్చికొబ్బరి నుంచి తీసే వర్జిన్ నూనెకు కొబ్బరి వాసన బాగా ఉంటుంది. ఏలకులు, కొబ్బరికోరు వేసే బిస్కెట్లకు అది అందమే. వెనిల్లా కేకుకు మాత్రం వాసన తీసేసిన రిఫైన్డ్ రకం నయం. వంటకు పనికొచ్చే నూనె అని, ఆహార లైసెన్సు నంబరు సీసా మీద ఉందో లేదో చూసుకోవాలి. చిన్న సీసాలో ఉన్నంత మాత్రాన కొబ్బరినూనె తలనూనె అయిపోదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. తలనూనె అని రాసి అమ్మేది మాత్రం వంటింట్లోకి రాకూడదు.

ఆరోగ్యానికి మంచిదేనా?

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. 100 గ్రాముల వెన్నలో సంతృప్త కొవ్వు దాదాపు 51 గ్రాములు. దాని బదులు వాడే 80 గ్రాముల కొబ్బరినూనెలో అది 65 గ్రాములు దాటుతుంది. ఇది చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుందని, వాడకం తగ్గించమని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లోనే సూచించింది. పాలు పడనివారికి ఇదొక దారి. గుండెజబ్బు ఉన్న తాతగారికి మాత్రం వెన్న కేకైనా, ఈ కేకైనా చిన్న ముక్కే.

చేసి చూడండి

80 గ్రాముల పేరుకున్న కొబ్బరినూనె, 60 గ్రాముల పంచదార పొడి కలిపి గిలకొట్టాలి. 150 గ్రాముల మైదా, చిటికెడు ఉప్పు, ఏలకుల పొడి వేసి, చెంచా చెంచాగా కొబ్బరిపాలు చల్లుతూ ముద్ద చేయాలి. 20 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచాలి. లేదంటే ఓవెన్‌లో పరుచుకుపోతాయి. చిన్న చిన్న బిళ్లలు చేసి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 170 డిగ్రీల దగ్గర 12 నుంచి 15 నిమిషాలు కాలిస్తే చాలు. పాల పదార్థాలు లేవు కాబట్టి రంగు అంతగా తేలదు. అంచులు లేత గోధుమ రంగుకు రాగానే తీసేయాలి. వేడిమీద మెత్తగానే ఉంటాయి, చల్లారాక గుల్లగా విరుగుతాయి.

ఎలర్జీ ఉన్న బిడ్డ కోసమైతే గిన్నెలు, గరిటెలు, ట్రే ముందుగా శుభ్రంగా కడగాలి. కొన్న ప్రతి పొట్లం మీదా పాలపొడి ఉందేమో చదవాలి. ఆ జాగ్రత్త తీసుకుంటే ఈసారి పుట్టినరోజున మొదటి ముక్క ఆ బిడ్డ నోట్లోనే పెట్టొచ్చు!