సిప్పీఘాట్‌కు పుస్తకపుటెత్తులు ఎంత దూరం?

1980లో స్వీడన్‌లోని స్కారాలో ప్రపంచ విజేత అనతోలీ కార్పోవ్ రాజు ముందరి బంటును రెండు గళ్లు నడిపాడు. నల్లపావులతో ఆడుతున్న ఇంగ్లండ్ గ్రాండ్‌మాస్టర్ టోనీ మైల్స్ బల్ల అంచున ఉన్న ఏనుగు ముందరి బంటును ఒక్క గడి కదిపాడు. మేటి ఆటగాళ్లెవరూ అలా ఆడరు. అయినా గెలిచింది మైల్సే. అప్పటినుంచి వింత ఆరంభం అనగానే సాహసం అని చెప్పుకోవడం అలవాటైంది.

అయితే మైల్స్‌కు రాజమార్గాలన్నీ తెలుసు. తెలిసే పక్కదారి పట్టాడు. శిక్షకుడు లేని ఔత్సాహికుడు అదే దారి పడితే దాన్ని సాహసం అనలేం. ఎదుటివాడు కంఠస్థం చేసిన ఎత్తుల నుంచి తప్పించుకోవడానికి అతనికున్న ఉపాయం అదొక్కటే.

2004 సునామీలో పొలాలు ఉప్పునీట మునిగిన అండమాన్ గ్రామం సిప్పీఘాట్. అక్కడొక కుర్రవాడు చదరంగం నేర్చాడనుకోండి. ఫిడే తొలి రేటింగ్ రావాలంటే, రేటింగ్ ఉన్నవారితో కనీసం 5 ఆటలు 26 నెలల వ్యవధిలో ఆడాలి. 2024 మార్చి నుంచి కనిష్ఠ రేటింగ్ 1400. ఇవి అందరికీ ఒకే నిబంధనలు. కానీ అలాంటి ప్రత్యర్థులు ద్వీపంలో సరిపడా దొరకకపోతే చెన్నైకి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటాలి. ఓడలో వెళితే దాదాపు మూడు రోజులు. విమానంలో వెళ్లే స్తోమత అందరికీ ఉండదు. నిబంధన సమానమే, దాన్ని చేరుకునే దారి సమానం కాదు.

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆమెకు శిక్షణ ఇవ్వడానికి తండ్రి ఉద్యోగం వదులుకున్నారు. ఒక కుటుంబం చేసిన త్యాగాన్ని ప్రభుత్వాల క్రీడావిధానంగా చూపడం న్యాయం కాదు. ప్రతి తండ్రీ ఉద్యోగం మానలేడు.

రాష్ట్రాల్లో వైఫల్యం బయటపడితే కేంద్రం రాష్ట్రం మీదికి, రాష్ట్రం కేంద్రం మీదికి నెట్టుకుంటాయి. అండమాన్‌లో ఆ సౌకర్యం లేదు. శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతమది. లోక్‌సభలో ఉన్నది ఒక్క స్థానం. బాధ్యత నేరుగా ఢిల్లీదే. 2024లో పోర్ట్‌బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చడానికి చూపిన చొరవలో కొంతైనా ఇక్కడ చూపవచ్చు. ఏటా క్రమం తప్పని రేటింగ్ పోటీలు, బయటి ఆటగాళ్లు వచ్చేందుకు సాయం, ద్వీపాల పిల్లలకు ఓడ టికెట్లలో రాయితీ: వీటికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు.

ఆ కుర్రవాడు వింత ఎత్తుతోనే ఆట మొదలుపెట్టవచ్చు. అది అతడు ఎంచుకున్నదై ఉండాలి, గత్యంతరం లేక పట్టుకున్నది కాకూడదు.