కలివికోడి అడుగుజాడ

కడప ప్రాంతమున లంకమల కొండల పాదమున, ముళ్లపొదల నడుమ ప్రొద్దు గ్రుంకిన పిదప సంచరించు కలివికోడిని శాస్త్రలోకము 1848లో గుర్తించెను. 1900లో అనంతపురము చెంత కానవచ్చిన పిమ్మట దశాబ్దముల తరబడి పండితుల కంటబడకపోవుటచే, అది నశించినదనియే తలచిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ దానిని మరల కనుగొనెనని చదువుకొనుచున్నాము. కాని ఆ పిట్టను రాత్రివేళ పట్టి తెచ్చినవాడు రెడ్డిపల్లె చెంత పక్షులను పట్టి జీవించు ఒక సామాన్యుడు. ఆ పిట్ట బ్రతుకలేదు. ఆ బాధ నేటికిని తీరునది కాదు. అయినను, మనము పోగొట్టుకొంటిమని వగచిన దాని పేరు ఆ పల్లెల నోట నిలిచియే యుండెను గదా!

పిమ్మట ఆ బొంబాయి సంఘమును, బ్రిటన్ దేశపు పక్షిసంరక్షకులును, అటవీశాఖయు కలసి చేసిన పరిశోధన మెచ్చదగినది. పొదల సందులలో నేలను చదును చేసి మెత్తని మన్ను పరచి, తెల్లవారుజామున వంగి చూచెడివారు. వెనుకవ్రేలు లేని ఆ పాదము మన్నుపై మూడు వ్రేళ్ల గుర్తు మాత్రమే విడుచును. దానిని తీతువు జాడనుండి వేరుపరచుటకు ఎంత ఓరిమి కావలయునో! ఆ శ్రమవలన తెలిసినదేమనగా, నిలువెత్తుకు మించిన పొదలు హెక్టారుకు 300 నుండి 700 వరకున్న చోటనే ఆ పక్షికి నివాసము కుదురును. అడవి మరీ చిక్కనైనను తగదు, నరికి నిమ్మతోట వేసినను తగదు.

ఈ పక్షి కొరకై అభయారణ్యము వెలసెను, దాని నివాసము మీదుగా పోనున్న తెలుగుగంగ కాలువ దారియు మారెను. ఇవి చిన్న విజయములు కావు. అయినను కంచె కట్టి కాపరిని వెలుపలికి త్రోయుటయే రక్షణమనుకొనుట పొరపాటని నా దృఢాభిప్రాయము. మితముగ మేయు మందయు, వంటచెఱకుకై పడు కొడవలివేటును ఆ పొదలను పలుచగా నుంచుచున్నవి. అమితమైనచో అవియే చెఱచును. ఆ మితమెంతయో కాపరితో కూర్చుండి తేల్చుకొనవలెను గాని, కార్యాలయమున కూర్చుండి నిర్ణయింపరాదు. రాత్రి కాపలాకును, జాడ తీయుటకును పల్లెవారినే నియమించి, నెలజీతమిచ్చి, వారు చూచిన ప్రతి జాడను వారి పేరుననే పుస్తకమున వ్రాయవలెను. 1986లో పిట్టను తెచ్చినవానికి ఆపాటి గౌరవము తొలినాడే దక్కియుండవలసినది.