తెరపైఁ జందా విన్నపము

మా పాతనగరపు బాలురు కొందఱు లిబ్రేఆఫీసు తెరపైఁ జందా విన్నపము కనఁబడఁగానే చిన్నబోవుట మేము చూచితిమి. "ఇయ్యకున్న పని యాగునా?" యని యొకఁడు భయపడెను; "దీనిని తొలఁగించు టెట్లు?" అని మఱియొకఁడు విసుగుకొనెను.

భయమునకుఁ గారణము లేదు. స్వేచ్ఛా సాఫ్టువేరును వాడుటకును, పరిశీలించుటకును, మార్చుటకును, పంచుటకును అందఱికి హక్కు కలదు. చందా యియ్యనివారికి నేమియుఁ దగ్గదు. విసుగును దగదు. వేసవిలోఁ జలివేంద్రమున నీటికి వెల లేదు. అయినను ఆ కడవను ఎవరో యొకరు నింపవలయును గదా.

అడుగువారికిని మితము వలయును. కె.డి.ఇ. వారు 2024లో వెలువడిన ప్లాస్మా 6.2 మొదలుకొని యేఁట నొక్కమాఱు, డిసెంబరులో నడుగు పద్ధతి నేర్పఱచిరి. వలదన్నవారు దాని నాపివేయవచ్చును. ఇట్టి పద్ధతి మాకు సమ్మతము.

విద్యార్థులారా, ధనము లేదని సిగ్గుపడకుఁడు. మన హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు సాఫ్టువేరును దెలుఁగు చేయుటకై పాటుపడిరి. మీరును నాలుగు మాటలు దెలుఁగు చేయుఁడు. తప్పు కనఁబడిన నిర్మాతలకుఁ దెలుపుఁడు. అదియుఁ జందాయే. తలిదండ్రులారా, శక్తి యున్నచో సంస్థవారి సొంత పుటయే యని రూఢి చేసికొని కొంచె మిండు. త్రాగినవారు కడవను దలఁచుట ధర్మము.